కరెంటు బిల్లు తగ్గాలంటే ముందు వాడకం లెక్క తేల్చుకోండి, ఆ తర్వాతే టారిఫ్

బిల్లు పెరిగిందనగానే చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. లైటు ఎవరు ఆపలేదు, ఫ్యాన్ ఎవరు వదిలేశారు అని వాదన మొదలవుతుంది. రెండు రోజులు అందరూ జాగ్రత్తగా ఉంటారు, మూడో రోజుకి మళ్లీ మామూలే. ఇంకొందరు ఫలానా ప్లాన్‌లో రేటు తక్కువని విని వెంటనే మారిపోతారు. అది తమ ఇంటికి సరిపోతుందో లేదో చూసుకోరు. ఈ రెండు దారుల్లోనూ ఒరిగేది తక్కువ, టెన్షన్ ఎక్కువ.

ఒకే టారిఫ్, అంటే యూనిట్ రేటు, ఛార్జీలు కలిసిన ప్లాన్, ఒక ఇంటికి చౌకగా పడి, పక్కింటికి ఖరీదుగా పడొచ్చు. ఎన్ని యూనిట్లు వాడుతున్నారు, ఏ వేళల్లో వాడుతున్నారు అన్నదాన్ని బట్టే అంతా తేలుతుంది. అందుకే ఇక్కడ చెప్పే వరస మార్చకండి. ముందు బిల్లు చదవాలి, తర్వాత మీటరు చూడాలి, ఎక్కువ తింటున్న వస్తువుని పట్టుకోవాలి. టారిఫ్ సంగతి ఆ తర్వాతే. తీరిక చేసుకుంటే వారం రోజుల్లో అయిపోయే పని ఇది.

మొదటి పని: పాత బిల్లులు బయటికి తీయండి

వీలైతే 12 నెలలవి తీయండి. కాగితాలు లేకపోతే సప్లయర్ (కరెంటు ఇచ్చే కంపెనీ) యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో దొరుకుతాయి. ఒక నోట్‌బుక్‌లో ప్రతి బిల్లుకీ నాలుగే విషయాలు రాసుకోండి: ఎన్ని యూనిట్లు, ఎన్ని రోజులకి, యూనిట్ రేటు ఎంత, ఫిక్స్‌డ్ ఛార్జీ (వాడినా వాడకపోయినా కట్టేది) ఎంత. కట్టాల్సిన మొత్తాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. అందులో పాత బాకీలు, పన్నులు, సర్దుబాట్లు అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి దాన్ని చూస్తే కంగారు తప్ప ఏమీ అర్థం కాదు.

యూనిట్లని రోజులతో భాగించండి. ఇక మీద మీరు గమనించాల్సిన అంకె ఇదే, రోజుకి ఎన్ని యూనిట్లు. ఒక ఉదాహరణ చూద్దాం. పోయిన ఏడాది ఇదే నెలలో 30 రోజులకి 240 యూనిట్లు వచ్చాయి, అంటే రోజుకి 8. ఈ ఏడాది 33 రోజులకి 297 వచ్చాయి, అంటే రోజుకి 9. పైకి చూస్తే 57 యూనిట్లు పెరిగాయి. కానీ అందులో 24 యూనిట్లు బిల్లులో మూడు రోజులు ఎక్కువ పడడం వల్ల వచ్చినవే. నిజంగా మీ వాడకం పెరిగింది 33 యూనిట్లు మాత్రమే. బిల్లు పోయిన నెలతో పోల్చకండి, పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చండి. ఎండలు, చలి మారితే వాడకం ఎలాగూ మారుతుంది.

రోజువారీ యూనిట్లు పెరగకుండానే బిల్లు పెరిగితే కారణం రేటు. యూనిట్ రేటు పెరిగిందా, ఫిక్స్‌డ్ ఛార్జీ పెరిగిందా, ఇంధన సర్దుబాటు పేరుతో కొత్త వరస ఏదైనా చేరిందా చూడండి. అలాంటప్పుడు ఇంట్లో వాళ్లని లైట్ల గురించి కసురుకోవడం అన్యాయం.

ఇంకో విషయం తప్పకుండా చూడండి. రీడింగ్ పక్కన అది నిజంగా మీటరు చూసి తీసినదా, అంచనా వేసినదా అని రాసి ఉంటుంది. అంచనా రీడింగులు వరసగా కొన్ని నెలలు నడిచాక ఒకసారి అసలు రీడింగ్ తీస్తే తేడా అంతా ఒకే బిల్లులో వచ్చి పడుతుంది. వాడకం పెరిగే కొద్దీ యూనిట్ రేటు పెరిగే స్లాబ్ పద్ధతి ఉన్న చోట ఇది ఇంకా నష్టం, ఎందుకంటే కొన్ని నెలల యూనిట్లని ఒక్క నెలవిగా లెక్కేస్తే అవి పై స్లాబులోకి వెళ్లిపోతాయి. ఆ యూనిట్లని నెలలవారీగా విడదీసి లెక్క కట్టమని రాతపూర్వకంగా అడగండి. మీటరు ఫొటో తేదీతో సహా జత చేస్తే మీ మాటకి బలం వస్తుంది. నెలకోసారి మీటరు ఫొటో తీసి ఉంచుకోవడం చిన్న అలవాటే అయినా, గొడవ వచ్చినప్పుడు అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.

రెండో పని: మీటరునే అడగండి

రాత్రి పడుకునే ముందు మీటరు రీడింగ్ రాసుకోండి. పొద్దున లేవగానే, ఏ స్విచ్చీ వేయకముందే మళ్లీ రాసుకోండి. అందరూ నిద్రపోయిన వేళ కూడా ఇల్లు ఎంత కరెంటు తాగుతోందో తెలుస్తుంది. రాత్రంతా ఏసీనో హీటరో నడిచే ఇంట్లో అయితే, అవి ఆపి ఉన్న రోజున ఈ పరీక్ష చేయండి.

డిజిటల్ మీటరు అయితే దాని మీద మినుకుమినుకుమనే చిన్న ఎర్ర లైటు ఉంటుంది. పక్కనే ఒక్కో కిలోవాట్ అవర్‌కి ఎన్ని ఇంపల్స్‌లో రాసి ఉంటుంది, 1000 అనో 3200 అనో. అంటే ఆ లైటు అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్ అయినట్టు. ఒక మెరుపుకీ మరో మెరుపుకీ మధ్య ఎన్ని సెకన్లు పడుతోందో ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో చూడండి. తర్వాత 36,00,000ని ఆ ఇంపల్స్ సంఖ్యతో, మళ్లీ సెకన్లతో భాగించండి. వచ్చేది ఆ క్షణంలో మీ ఇల్లు లాగుతున్న వాట్లు. మీటరు 3200 రకం అయ్యి, 9 సెకన్లకోసారి మెరుస్తుంటే 125 వాట్లు. వినడానికి తక్కువే అనిపిస్తుంది కానీ 125 వాట్లు పగలూ రాత్రీ ఆగకుండా నడిస్తే రోజుకి 3 యూనిట్లు, నెలకి 90.

ఈ లెక్క నాకు చాలా ఇష్టం. ఏ పరికరమూ కొనక్కర్లేదు, ఎవరినీ పిలవక్కర్లేదు. ఒక్కో వస్తువు వేసి, ఆపి, మెరుపుల వేగం ఎలా మారుతోందో చూస్తుంటే ఇంట్లో పిల్లలకి కూడా ఆసక్తి పుడుతుంది. నాలుగు సార్లు చెప్పినా వినని వాళ్లు వాటర్ హీటర్ వేయగానే ఆ లైటు టకటకా కొట్టుకోవడం చూస్తే వెంటనే గ్రహిస్తారు.

తర్వాత అన్ని వస్తువులూ ఆపి, ప్లగ్గులు తీసేసి చూడండి. ఫ్రిజ్ కూడా కొద్ది నిమిషాలు ఆపొచ్చు, తలుపు తీయకుండా ఉంటే చాలు. అప్పుడూ మీటరు తిరుగుతుంటే ఎక్కడో కనిపించని వస్తువు నడుస్తోందని గానీ, వైరింగ్‌లో కరెంటు లీక్ అవుతోందని గానీ అర్థం. ఇంటి మెయిన్ స్విచ్ దించినా మీటరు కదులుతుంటే, మీటరులో లోపమో, మీ లైను మీద ఇంకెవరిదో వాడకమో ఉండొచ్చు. ఈ రెండూ మీరు విప్పి చూసే పనులు కావు. వస్తువులన్నీ ఆపినా మీటరు తిరుగుతుంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, మెయిన్ స్విచ్ దించినా కదులుతుంటే సప్లయర్‌కి ఫిర్యాదు చేయండి. లీకేజీ అంటే బిల్లు సమస్య మాత్రమే కాదు, షాక్ కొట్టే ప్రమాదం కూడా, కాబట్టి వాయిదా వేయకండి.

మూడో పని: ఎక్కువ తింటున్నదాన్ని పట్టుకోండి

ఇంటి కరెంటులో పెద్ద భాగం వేడి చేయడానికో, చల్లబరచడానికో పోతుంది. మిగతావన్నీ దాని తర్వాతే. ఈ మాట అంకెల్లో చూస్తే బాగా అర్థమవుతుంది.

ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి దాదాపు 4.2 కిలోజౌళ్లు కావాలి. ఒక యూనిట్ అంటే 3600 కిలోజౌళ్లు. షవర్ నిమిషానికి 8 లీటర్లు పోస్తుందనుకుందాం. పది నిమిషాల స్నానానికి 80 లీటర్లు. 15 డిగ్రీల నీరు 40 డిగ్రీలు కావాలంటే 2.3 యూనిట్లు ఖర్చవుతుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రోజుకి 8 గంటలు వెలిగితే అయ్యేది 0.07 యూనిట్. అంటే ఆ ఒక్క స్నానం ఖర్చుతో ఆ బల్బు నెల రోజులు వెలుగుతుంది. బల్బుల గురించి వాదించుకుంటూ వేడినీళ్ల సంగతి వదిలేస్తే బిల్లు ఎందుకు తగ్గుతుంది?

కాబట్టి వేడినీళ్లతో మొదలుపెట్టండి. స్నానం ఐదు నిమిషాలకి తగ్గితే ఖర్చు సగమవుతుంది. నిమిషానికి తక్కువ నీళ్లు పోసే షవర్ హెడ్ బిగించుకున్నా అంతే. స్టోరేజీ హీటరు రోజంతా ఆన్‌లో ఉంటే ట్యాంకు గోడల గుండా వేడి పోతూనే ఉంటుంది, అది మళ్లీ మళ్లీ కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. అవసరానికి ముందు వేసి, అయ్యాక ఆపేయండి, లేదా టైమర్ పెట్టండి. ట్యాంకు థర్మోస్టాట్‌ని మాత్రం మరీ కిందికి దించకండి. గోరువెచ్చగా నిల్వ ఉన్న నీళ్లలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. నిల్వ నీటిని 60 డిగ్రీల దగ్గర ఉంచి, వాడేటప్పుడు చన్నీళ్లు కలుపుకోవడం క్షేమం.

బట్టల మెషిన్ విషయంలోనూ ఇదే సూత్రం. నీటిని వేడి చేసే మెషిన్లలో డ్రమ్ము తిప్పడానికి అయ్యే ఖర్చు తక్కువ, నీటిని వేడెక్కించడానికి అయ్యేదే ఎక్కువ. 60 డిగ్రీల బదులు 30లో ఉతికితే మామూలు మురికి పోతుంది. డ్రయర్ అయితే వీలైనప్పుడల్లా మానేయండి, తీగ మీద ఆరేస్తే ఖర్చే లేదు.

ఏసీ దగ్గర ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని సాధారణంగా వేసే అంచనా. 20కి బదులు 25లో పెట్టి, పైన ఫ్యాన్ తిప్పితే శరీరానికి హాయిగానే ఉంటుంది. ఫ్యాన్ గదిని చల్లబరచదు, మనిషికి గాలి తగిలి చెమట ఆరుతుంది కాబట్టి చల్లగా అనిపిస్తుంది. అందుకే మనిషి లేని గదిలో ఫ్యాన్ తిప్పడం వృథా. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్ల దాకా తీసుకుంటే, తక్కువ కరెంటుతో తిరిగే మోటారు ఉన్న కొత్త బీఎల్‌డీసీ రకం 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. రోజుకి 15 గంటలు తిరిగే ఫ్యాన్ అయితే మార్చడం లాభమే, అప్పుడప్పుడూ వేసేది అయితే అలాగే ఉంచండి. ఏసీ ఫిల్టర్ కడగడం, కిటికీ మీద పడే ఎండని బయటి నుంచే ఆపడం, తలుపు సందులు మూయడం ఖర్చు లేని పనులు.

చలి ప్రాంతాల్లో ఉన్నవాళ్లకి ఒక మాట గట్టిగా చెప్పాలి. కరెంటు హీటరు ఏ రకమైనా, ఎంత ఖరీదైనా, ఒక యూనిట్ కరెంటుకి ఒక యూనిట్ వేడే ఇస్తుంది. సిరామిక్ అన్నా, ఆయిల్ అన్నా, ఇన్‌ఫ్రారెడ్ అన్నా అందులో మార్పు లేదు. గది మొత్తం కాకుండా మనిషికి మాత్రమే వేడి తగిలేలా వాడుకుంటే కొంత కలిసొస్తుంది. తక్కువ ఖర్చుతో వేడి అని ప్రకటన కనిపిస్తే, యూనిట్ కరెంటుకి యూనిట్ వేడే అన్న మాట గుర్తుచేసుకోండి. ఎక్కువ వేడి ఇచ్చేది హీట్ పంపు ఒక్కటే. బయటి గాలిలోని వేడిని లోపలికి తెస్తుంది కాబట్టి ఒక యూనిట్ కరెంటుకి దాదాపు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. వేడి చేయగల ఇన్వర్టర్ ఏసీ కూడా ఒక రకం హీట్ పంపే. మీ ఇంట్లో అది ఇప్పటికే ఉండి, పక్కనే ప్లగ్ హీటరు నడుపుతుంటే ఇవాళే మార్చుకోండి. గ్యాస్ బాయిలర్ కండెన్సింగ్ రకం అయితే రేడియేటర్లకి పంపే నీటి వేడిని తగ్గించి చూడండి. తిరిగి వచ్చే నీరు సుమారు 55 డిగ్రీల కంటే తక్కువ ఉన్నప్పుడే ఆ బాయిలర్ పొగలో పోయే వేడిని వెనక్కి రాబట్టగలదు.

ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలు, ఫ్రీజర్ మైనస్ 18 సరిపోతుంది. తలుపు రబ్బరు మధ్య ఒక కాగితం పెట్టి మూసి లాగండి. తేలిగ్గా జారి వచ్చేస్తే రబ్బరు మార్చాలి. వాడని రెండో ఫ్రిజ్ ఏదైనా నడుస్తుంటే ఆపేయండి, రోజంతా నడిచే వస్తువు అది.

వంట సంగతి. ఒక కిలో ఎల్‌పీజీలో దాదాపు 12.8 యూనిట్ల శక్తి ఉంటుంది. పొయ్యి మంటలో సుమారు సగమే గిన్నెకి చేరుతుంది, ఇండక్షన్‌లో 85 శాతం దాకా చేరుతుంది. కాబట్టి కిలో గ్యాస్ చేసే పని ఇండక్షన్ మీద ఏడున్నర యూనిట్లతో అవుతుంది. మీ యూనిట్ రేటుని ఏడున్నరతో గుణించి, కిలో గ్యాస్ ధరతో పోల్చి చూడండి, ఏది చౌకో మీ ఇంటికి తేలిపోతుంది.

స్టాండ్‌బై, అంటే వాడకపోయినా ప్లగ్‌లో ఉండి తినే కరెంటు, గురించి భయం కొంత ఎక్కువే ప్రచారంలో ఉంది. కొత్త టీవీలు, ఛార్జర్లు స్టాండ్‌బైలో అర వాటు కంటే తక్కువే తీసుకునేలా తయారవుతున్నాయి. పాత సెట్‌టాప్ బాక్సులు, పాత ఆంప్లిఫయర్లు, ఎప్పుడూ వెలిగే ఉండే పాత కంప్యూటర్లని చూసుకోండి. ఆగకుండా 10 వాట్లు తినే వస్తువు ఏడాదికి దాదాపు 88 యూనిట్లు తింటుంది. అలాంటివి మూడు నాలుగు ఉంటే స్విచ్ ఉన్న ఒకే ప్లగ్ బోర్డుకి తగిలించి రాత్రి ఆపేయండి.

ప్లగ్‌లో పెడితే చాలు, బిల్లు 30 శాతం తగ్గుతుందని అమ్మే పవర్ సేవర్ డబ్బాలు కొనకండి. లోపల ఉండేది చిన్న కెపాసిటర్. ఇళ్ల మీటర్లు మామూలుగా నిజంగా ఖర్చయిన కిలోవాట్ అవర్లనే లెక్కిస్తాయి, వాటిని కెపాసిటర్ తగ్గించలేదు. బిల్లుకి భయపడిన వాళ్ల దగ్గరే డబ్బు గుంజే సరుకు అది.

పొదుపు పేరుతో కొన్నింటిని మాత్రం తగ్గించకండి. చలికాలంలో ఇంటి లోపల 18 డిగ్రీల కంటే తక్కువ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో సూచించింది. పసిపిల్లలు, పెద్దవయసు వాళ్లు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు ఉంటే ఇంకా వెచ్చగా ఉంచాలి. వడగాడ్పుల్లో పెద్దవాళ్ల గదిలో ఏసీ ఆపి మిగుల్చుకునే యూనిట్లకి అర్థం లేదు. ఇన్సులిన్ ఉన్న ఫ్రిజ్, ఆక్సిజన్ మెషిన్ జోలికి అసలు పోవద్దు. ఇంట్లో వైద్య పరికరాలు నడుస్తుంటే ఆ సంగతి సప్లయర్ దగ్గర నమోదు చేయించండి, చాలా చోట్ల అలాంటి ఇళ్లకి ప్రత్యేక జాబితా ఉంటుంది.

నాలుగో పని: ఇప్పుడు టారిఫ్

ఇప్పటికి మీ దగ్గర రెండు అంకెలు ఉండాలి. ఒకటి, ఏడాది పొడవునా నెలకి ఎన్ని యూనిట్లు. రెండు, రోజులో ఏ వేళ ఎంత. స్మార్ట్ మీటరు ఉంటే గంటలవారీ లెక్క యాప్‌లోనే వస్తుంది. లేకపోతే మూడు నాలుగు రోజులు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు రీడింగ్ రాసుకుంటే సరిపోతుంది.

ముందు ఫిక్స్‌డ్ ఛార్జీకీ యూనిట్ రేటుకీ ఉన్న తూకం చూడండి. ఊహించిన అంకెలతో లెక్క వేద్దాం. మొదటి ప్లాన్‌లో నెలకి ఫిక్స్‌డ్ 100, యూనిట్ 8. రెండో ప్లాన్‌లో ఫిక్స్‌డ్ 250, యూనిట్ 7. ఫిక్స్‌డ్ తేడా 150, యూనిట్ తేడా 1. 150ని 1తో భాగిస్తే 150 యూనిట్లు. నెలకి 150 లోపు వాడే ఇంటికి మొదటిది మేలు, దాటే ఇంటికి రెండోది. 90 యూనిట్ల ఇల్లు మొదటి ప్లాన్‌లో 820, రెండో ప్లాన్‌లో 880 కడుతుంది. 300 యూనిట్ల ఇల్లు మొదటిదాంట్లో 2500, రెండోదాంట్లో 2350 కడుతుంది. ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించే యూనిట్ రేటు ఒక్కటే చూసి మారిన చిన్న కుటుంబం నష్టపోయేది ఇక్కడే.

వేళని బట్టి రేటు మారే టారిఫ్‌లని ఇంకా జాగ్రత్తగా చూడాలి. మామూలు ప్లాన్‌లో ఎప్పుడైనా యూనిట్ 8 అనుకోండి. రెండు రేట్ల ప్లాన్‌లో రాత్రి ఏడు గంటల పాటు 5, మిగతా సమయం 9.50. ఈ రెండూ సమానం కావాలంటే మీ వాడకంలో మూడో వంతు రాత్రి వేళల్లోనే జరగాలి. ఇప్పుడు ఆలోచించండి, రోజంతా ఒకే తీరుగా వాడే ఇంట్లో కూడా ఆ ఏడు గంటల వాటా 29 శాతమే. నిద్రపోయే వేళ మామూలుగా వాడకం తక్కువే ఉంటుంది కాబట్టి, ఏదో ఒక పెద్ద పని రాత్రికి జరపకపోతే ఈ ప్లాన్‌లో నష్టమే. కారు ఛార్జింగ్, స్టోరేజీ వాటర్ హీటరు, బట్టల మెషిన్, గిన్నెల మెషిన్ లాంటివి జరపగలిగితే బాగా లాభం. జరపలేకపోతే ఆ ప్లాన్ జోలికి వెళ్లకండి. సాయంత్రం పూట ఇల్లంతా ఒకేసారి చేరే కుటుంబానికి పీక్ రేటు (అందరూ ఎక్కువగా వాడే వేళల్లో పడే ఎక్కువ రేటు) గట్టిగా తగులుతుంది. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. డ్రయర్‌నీ, బట్టల మెషిన్‌నీ అందరూ నిద్రపోయాక నడిపితే మంటలొచ్చినా తెలియదు. పొగ అలారం పనిచేస్తేనే, లేదా తెల్లవారుజామున ఎవరో ఒకరు లేచి ఉన్నప్పుడే పెట్టండి.

టోకు మార్కెట్ ధరని బట్టి గంటగంటకీ మారే టారిఫ్‌లు కూడా కొన్ని దేశాల్లో ఉన్నాయి. గాలి, ఎండ బాగా ఉన్న వేళ ధర బాగా పడిపోతుంది, ఒక్కోసారి సున్నా కంటే కిందికి కూడా పోతుంది. కానీ 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌లో తీవ్రమైన చలి వచ్చి విద్యుత్ వ్యవస్థ దెబ్బతిన్నప్పుడు, ఇలాంటి ప్లాన్‌లో ఉన్న ఇళ్లకి కొద్ది రోజులకే వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. గరిష్ఠ పరిమితి రాసి లేని అలాంటి ప్లాన్‌ని, నెల జీతం మీద నడిచే ఇంటికి నేను చెప్పను. బ్యాటరీ ఉండి, వాడకాన్ని గంటలవారీగా మార్చుకోగలిగి, ఒక చెడ్డ నెలని తట్టుకోగల వాళ్లకి అది సరే.

ఏడాదికో, రెండేళ్లకో రేటు మారకుండా కట్టేసే ఫిక్స్‌డ్ ప్లాన్‌ని బీమాలా చూడండి. రేటు తగ్గితే లాభం పోతుంది, పెరిగితే రక్షణ ఉంటుంది. ధరలు ఎటు పోతాయో ఊహించి పందెం కాయడానికి కాదు, నెలనెలా ఎంత కట్టాలో ముందే తెలియడానికి దాన్ని తీసుకోవాలి. సంతకం పెట్టే ముందు ఇవి అడిగి రాతలో తీసుకోండి: మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలి? రేటు ఫిక్స్‌డ్ అన్నప్పుడు ఫిక్స్‌డ్ ఛార్జీ కూడా మారదా? పన్నులు కలిపి చెప్పిన రేటేనా? గడువు అయిపోయాక ఏ టారిఫ్‌లోకి వెళ్తాను? ఈ చివరి ప్రశ్న చాలామంది మర్చిపోతారు. గడువు ముగిశాక ఖరీదైన మామూలు టారిఫ్‌లోకి ఆటోమేటిక్‌గా పడిపోవడం సర్వసాధారణం. ఒప్పందం చేసుకున్న రోజే, గడువుకి నెల ముందు గుర్తు చేసేలా ఫోన్‌లో పెట్టుకోండి.

నెలకి 1000 యూనిట్లు దాటితే ఇంత తగ్గింపు అనే ప్లాన్‌లు కొన్ని ఉంటాయి. 980 వాడిన నెలలో ఆ తగ్గింపు రాదు, యూనిట్ రేటేమో ఎక్కువగా ఉంటుంది. మీ 12 నెలల అంకెలు వరసగా పెట్టి ఎన్ని నెలలు ఆ గీత దాటారో చూడండి.

ఎంచుకునే అవకాశమే లేకుండా ఒకే సప్లయర్, స్లాబుల పద్ధతి ఉన్న చోట కూడా చేయాల్సింది ఉంది. మీ స్లాబులు ఏ రకమో తెలుసుకోండి. టెలిస్కోపిక్ అయితే గీత దాటిన యూనిట్లకే పై రేటు పడుతుంది, కాబట్టి ఒకటి రెండు యూనిట్లు దాటినా కంగారు అక్కర్లేదు. నాన్ టెలిస్కోపిక్ అయితే గీత దాటగానే మొత్తం యూనిట్లకి పై రేటు పడుతుంది, అప్పుడు నెలాఖరు వారంలో మీటరు చూసుకుంటూ ఉండాల్సిందే. ఏ రకమైనా మీరు తగ్గించే ప్రతి యూనిటూ మీ పై స్లాబు రేటులోనే తగ్గుతుంది. ఎంత మిగులుతుందో లెక్క వేసేటప్పుడు సగటు రేటు వాడకండి, పై స్లాబు రేటు వాడండి.

ఫిక్స్‌డ్ ఛార్జీ మీ కాంట్రాక్టెడ్ లోడ్‌ని (మీ కనెక్షన్‌కి రాసి ఉన్న కిలోవాట్లు) బట్టి ఉంటే, గరిష్ఠ డిమాండ్ (మీ ఇల్లు ఒకేసారి లాగిన అత్యధిక కిలోవాట్లు) ఎంత వస్తోందో బిల్లులోనో మీటరులోనో చూడండి. ఏడాదంతా 3 కిలోవాట్లు దాటని ఇంటికి 6 కిలోవాట్ల లోడ్ రాసి ఉంటే తగ్గించమని అర్జీ పెట్టుకోవచ్చు. వాటర్ హీటరు, ఏసీ, ఇండక్షన్ మూడూ ఒకేసారి వేసే అలవాటు ఉంటే ముందు అది మానండి. తగ్గించిన లోడ్ దాటితే జరిమానా పడే చోట్లు ఉన్నాయి.

నెలనెలా సమానంగా కట్టే పద్ధతి సౌకర్యమే, పొదుపు కాదు. ఆరు నెలలకోసారి మీ ఖాతాలో ఎంత మిగిలి ఉందో, ఎంత బాకీ ఉందో చూసుకోండి. ప్రీపెయిడ్ మీటరు ఉన్నవాళ్లు ఇల్లు తాళం వేసి ఊరెళ్లినా ఫిక్స్‌డ్ ఛార్జీ కట్ అవుతూనే ఉంటుందని గుర్తుంచుకోండి.

ఐదో పని: మారే రోజు

ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చిన వాళ్లకీ, ఫోన్ చేసిన వాళ్లకీ అప్పటికప్పుడు సరే అనకండి. మీటరు నంబరు, ఓటీపీ చెప్పకండి. ఒప్పందం రాతలో పంపమనండి. మీ 12 నెలల యూనిట్లు దానికి పెట్టి ఏడాది మొత్తం ఎంత అవుతుందో మీరే లెక్క వేయండి, సేల్స్ మనిషి చూపించిన సగటు ఇంటి లెక్క మీ ఇంటిది కాదు. మనసు మారితే రద్దు చేసుకునే గడువు ఎన్ని రోజులో అడగండి. మారిన రోజు మీటరు ఫొటో తీసి పాత సప్లయర్‌కీ, కొత్త సప్లయర్‌కీ పంపండి. పాతవాళ్ల దగ్గర మీ డబ్బు మిగిలి ఉంటే తిరిగి అడగండి. అద్దె ఇంట్లో ఉంటే, సప్లయర్‌ని మార్చే హక్కు మీకుందా, మీటరు ఎవరి పేరు మీద ఉంది అన్నది ముందే తేల్చుకోండి.

ఇవన్నీ చేశాక కూడా కట్టలేకపోతే

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. గడువు తేదీకి ముందే సప్లయర్‌కి ఫోన్ చేయండి. గడువు దాటి, నోటీసు వచ్చాక అడిగేదానికంటే ముందే అడిగితే మీ మాటకి విలువ ఉంటుంది. వాయిదాలు అడగండి. అడిగేటప్పుడు నెలకి ఇంత కట్టగలను అని ఒక అంకె మీరే చెప్పండి, నిజంగా కట్టగలిగిందే చెప్పండి. పెద్ద అంకె ఒప్పుకుని రెండో నెలకే తప్పితే తర్వాత వాయిదా దొరకడం కష్టం. ఆదాయాన్ని బట్టి రాయితీ, వృద్ధులకి, వైద్య అవసరాలు ఉన్నవాళ్లకి ప్రత్యేక టారిఫ్ ఉన్నాయా అని విడిగా అడగండి. అడగనిదే ఎవరూ చెప్పకపోవచ్చు. బిల్లు కట్టడానికి ఎక్కువ వడ్డీకి యాప్ లోన్ తీసుకోకండి, కరెంటు బాకీకి వాయిదాలు దొరుకుతాయి గానీ ఆ లోన్‌కి కనికరం ఉండదు.

మాట్లాడిన ప్రతిసారీ తేదీ, ఎవరితో మాట్లాడారు, ఏమన్నారు రాసుకోండి. ఫిర్యాదు నంబరు తీసుకోండి. బిల్లులో తప్పుందని మీరు వివాదం వేస్తే, ఒప్పుకున్న భాగం కడుతూ, మిగతాది ఎందుకు ఆపుతున్నారో రాసి పంపండి. మొత్తం ఆపేస్తే కనెక్షన్ కట్ చేయడానికి వాళ్లకి కారణం దొరుకుతుంది. సప్లయర్ దగ్గర తేలకపోతే పైన విద్యుత్ నియంత్రణ సంస్థ, వినియోగదారుల ఫోరం, అంబుడ్స్‌మన్ లాంటి వేదికలు ఉంటాయి. వాటి వివరాలు చాలాసార్లు బిల్లు వెనకే రాసి ఉంటాయి.

టారిఫ్ మారాక మొదటి బిల్లు చూసి నిర్ణయానికి రాకండి, అందులో పాత రోజులు, కొత్త రోజులు కలిసి ఉంటాయి. రెండో బిల్లు తీసుకుని ఒప్పందం పక్కన పెట్టండి. యూనిట్ రేటు, ఫిక్స్‌డ్ ఛార్జీ, వేళలు అక్షరాలా అవేనా చూడండి. తేడా ఉంటే ఆ రోజే మెయిల్ రాయండి, ఒప్పందంలోని పేజీనీ, మీటరు ఫొటోనీ జత చేయండి.